దుప్పటికి అవతలి కొస

మా ఆసుపత్రి లాండ్రీలో మడతమ్మ అంటే తెలియనివాళ్ళు లేరు. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది గానీ, హాజరు పిలిచేటప్పుడు తప్ప ఆ పేరు ఎవరికీ గుర్తుకొచ్చేది కాదు. ఉతికి ఆరబెట్టిన దుప్పట్లు మడతపెట్టడం ఆమె పని. నేను అదే గదిలో కిటికీ పక్కన కుట్టుమిషన్ వేసుకుని, చిరిగిన దుప్పట్లకు మాట్లు వేసేదాన్ని. అందుకే నన్ను ‘కుట్టు వదినా’ అని పిలిచేది. మిషన్ మీంచి తల ఎత్తితే చాలు, ఎదురుగా మడత బల్ల కనిపించేది.

పెద్ద దుప్పటి మడతపెట్టడం ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి చెరో రెండు కొసలు పట్టుకోవాలి. గట్టిగా విదిలించి, బిర్రుగా లాగి, నిలువునా సగానికి మడిచి, ఇంకోసారి మడిచి, అప్పుడు ఒకరికొకరు ఎదురు నడిచి రావాలి. ఒకరు తన కొసలు రెండోవాళ్ళ చేతిలో పెట్టి, వంగి కింది మడత అందుకోవాలి. అలవాటైన ఇద్దరు చేస్తుంటే చిన్నపిల్లలు ఏదో ఆట ఆడుకుంటున్నట్టే ఉండేది. మడతమ్మకు జోడీ పెద్దక్క. ఒళ్ళు కాస్త భారీ, నవ్వు ఇంకా భారీ. ఇద్దరూ ఏళ్ళ తరబడి ఆ బల్ల దగ్గరే ఉన్నారు. నోళ్ళు లోకం మీది కబుర్లన్నీ చెప్పుకుంటుంటే చేతులు వాటి పని అవి చేసుకుపోయేవి.

పెద్దక్క దగ్గర ఒక అలవాటు ఉండేది. దుప్పటి బిర్రుగా లాగాక, ఎదురు నడవబోయే ముందు, తన వైపు నుంచి చిన్నగా ఒక్క గుంజు గుంజేది. ‘ఉన్నావా?’ అన్నట్టు. మడతమ్మ కూడా చిన్నగా గుంజేది, ‘ఆఁ, ఉన్నా’ అన్నట్టు. ఆ సంగతి మిగతావాళ్ళు ఎవరూ గమనించలేదు. నేను కూర్చున్న చోటు నుంచి దుప్పటి అంచు పక్కగా కనిపించేది కాబట్టి నాకు తెలిసింది.

పెద్దక్క చేతిలో మంచితనం ఉండేది. చిరుగు ఉన్న దుప్పటి కంటపడితే ఆ మూల చిన్న ముడి వేసి నా బుట్టలో పడేసేది, నేను వెతుక్కోనక్కర్లేకుండా. ముసలివాళ్ళ వార్డుకు వెళ్ళే దొంతర మాత్రం ఇస్త్రీ దగ్గర్నుంచి వేడివేడిగా తెప్పించి, చల్లారేలోపే పంపించేది. “ఒంట్లో వేడి లేనివాళ్ళకి కాస్త దుప్పట్లో అన్నా ఉండనీవే” అనేది.

అలాంటి మనిషి ఒక పొద్దున పని మధ్యలో ఆగిపోయింది. దుప్పటి సగం మడత మీద ఉంది. ముఖం అదోలా పెట్టి, తన చేతిలోని కొసలు మడతమ్మ చేతిలో పెట్టి, “పట్టుకోవే, ఇప్పుడే వస్తా” అని బయటికి నడిచింది. వసారాలోనే కుప్పకూలిపోయింది. గుండె. ఆసుపత్రిలోనే ఉన్నాం, అడుగు దూరంలో డాక్టర్లు ఉన్నారు, అయినా దేవుడు పిలిచాక ఎవరు ఆపగలరు? ఆ గందరగోళంలో అందరం అటు పరిగెత్తాం. తిరిగొచ్చి చూస్తే మడతమ్మ అక్కడే నిలబడి ఉంది, నాలుగు కొసలూ చేతిలో పట్టుకుని. నేనే వెళ్ళి ఒక్కో వేలూ విడదీయాల్సి వచ్చింది.

మళ్ళీ పనిలోకి వచ్చాక ఆమె ఇంకొకరిని జోడీగా రానివ్వలేదు. “నాకెవరూ వద్దండీ, నేనే చూసుకుంటా” అని ఇన్‌చార్జి గారికి చెప్పేసింది. పెద్దక్క నిలబడే చోటికి వెనకాల గోడకు కొక్కేల వరస ఉంది, ఏప్రాన్లు తగిలించుకునేది. ఒక కొక్కేనికి దుప్పటి అవతలి కొసలు తగిలించి, ఇవతల నుంచి తను లాగి మడిచేది. పక్క కొక్కేనికి పెద్దక్క నీలం ఏప్రాన్ అలాగే వేలాడుతోంది. దాన్ని తీయడానికి ఎవరికీ మనసొప్పలేదు.

కొన్నాళ్ళకు టీ తాగే వేళ నా పక్కన వచ్చి కూర్చుంది. గ్లాసు చేతిలో ఉంది, తాగట్లేదు.

“కుట్టు వదినా, నువ్వు ఎవరికీ చెప్పనంటే ఒక మాట చెప్తా.”

“చెప్పు తల్లీ.”

“అక్క వస్తోంది.”

నా చేతిలో సూది ఆగిపోయింది. “ఎలా తెలుసే?”

“గుంజుతోంది. దుప్పటి బిర్రుగా లాగాక, అదే చోట, అదే గుంజు.”

“కొక్కెం కదే అవతల ఉన్నది. దానికి పట్టి లాగినట్టు అయ్యుంటుంది.”

“కొక్కెం ‘ఉన్నావా’ అని అడుగుతుందా వదినా?”

గ్లాసు కింద పెట్టి మళ్ళీ తనే అంది. “నాకు భయం అది కాదు. ఇప్పుడే వస్తానని చెప్పి వెళ్ళింది కదా. ఆవిడ మాటంటే మాటే. ఆ మాట కోసమే దేవుడి దగ్గరికి వెళ్ళకుండా ఈ బాయిలర్ వేడిలో, ఈ ఆవిరిలో తిరుగుతోందేమో. బతికినన్నాళ్ళూ నిలబడే ఉంది, పోయాక కూడా నిలబడే ఉండాలా? ‘నేను బాగానే ఉన్నా అక్కా, నువ్వెళ్ళు’ అని నేను చెప్పాలి. నోరు రావట్లేదు. చెప్తే ఇక రాదేమోనని.”

అంటూ కళ్ళు తుడుచుకుంది. నేను ఆ సాయంత్రం దీపం ముందు కూర్చుని, పెద్దక్కకి శాంతినివ్వమనీ, ఈ పిల్లకి ధైర్యమివ్వమనీ ఇద్దరి కోసం ఒకే దణ్ణం పెట్టాను.

నేను నోరు విప్పలేదు. కానీ లాండ్రీ గదిలో మాట దాచడం, ఆవిరిని గుప్పిట్లో దాచడం రెండూ ఒకటే. వారం తిరక్కుండా ఇస్త్రీ బాబాయికి కొక్కేల దగ్గర పెద్దక్క నిలబడి కనిపించింది. ఆయన చెప్పిన మర్నాడు ఉతికే మిషన్ల దగ్గరి ఇద్దరికి కనిపించింది. ట్రాలీ తోసే అతనైతే, “కనపడటమేంటి, నాకు వాసన కూడా వచ్చింది. అచ్చం ఆవిడ దగ్గర వచ్చే సబ్బు వాసన” అన్నాడు.

“లాండ్రీలో సబ్బు వాసన కాక మల్లెపూల వాసన వస్తుందేంటయ్యా?” అన్నాను.

నవ్వారు గానీ, ఆ నవ్వు గట్టిగా ఎవరికీ రాలేదు. అందరూ కొక్కేల వైపు వెళ్ళడం మానేశారు. ఏప్రాన్లు కుర్చీల మీద పడేసుకోవడం మొదలుపెట్టారు. గోడకి మిగిలింది ఆ నీలం ఏప్రాన్ ఒక్కటే.

ఇటు పని వెనకబడింది. కొక్కేనికి తగిలించి ఒంటి చేత్తో మడిస్తే ఎన్ని అవుతాయి? దొంతరలు పేరుకుపోతున్నాయి. ఇన్‌చార్జి గారు మెత్తని మనిషే. వంటగదిలోంచి ఒకామెను తెచ్చి మడతమ్మకు జోడీగా వేశారు. వంటగది నుంచి వచ్చింది కాబట్టి రాగానే ‘గరిటె’ అని పేరు పెట్టేశారు మనవాళ్ళు. నలభై దాటిన మనిషి, నోటికి భయం లేదు, మిగతా ఒళ్ళంతా భయమే. దుప్పటిని వేలికొసలతో, వేడి గిన్నె పట్టుకున్నట్టు పట్టుకునేది. ఆవిరి గొట్టం బుస్సుమంటే చాలు, కొసలు వదిలేసి నా మిషన్ వెనక్కి వచ్చి నిలబడేది. కిందపడ్డ దుప్పటి మళ్ళీ ఉతుక్కి పోవాల్సిందే.

“వదలకే మహాతల్లీ!” అని మడతమ్మ అరిస్తే, “నేను వదల్లేదక్కా, ఆవిడే లాక్కుంది” అనేది.

“లాక్కుంటే నీ చేతిలోంచి ఎందుకు లాక్కుంటుంది? పరాయివాళ్ళ వస్తువు ముట్టుకునే రకం కాదు మా అక్క!” అని కసిరి, మళ్ళీ కొక్కెం దగ్గరికి వెళ్ళిపోయేది మడతమ్మ.

ఒక రోజు ముసలివాళ్ళ వార్డు ఆయమ్మ ఖాళీ ట్రాలీ తోసుకుంటూ వచ్చింది. “మూల మంచం తాతకి స్నానం చేయించి కుర్చీలో కూర్చోబెట్టానమ్మా. పక్క మీదికి దుప్పటి లేదు. పొద్దుట్నుంచి కూర్చునే ఉన్నాడు, మెడ వాలిపోతోంది. ఏమన్నా అంటే, ‘పర్లేదులే, వాళ్ళకెంత పనో’ అంటాడు.” అంతే అంది. ఒక్క నిష్ఠూరపు మాట లేదు. మడతమ్మ అప్పుడే మడిచిన నాలుగు దుప్పట్లు ఇస్త్రీ బల్ల మీదికి పరుగున తీసుకెళ్ళి, వేడి చేయించి తెచ్చి ఆయమ్మ చేతిలో పెట్టింది.

ఆ సాయంత్రమే ఇన్‌చార్జి గారు వచ్చారు. కళ్ళజోడు తుడుచుకుంటూ, ఆమె వైపు చూడలేక బల్ల వైపు చూస్తూ చెప్పారు. “అమ్మా, నీ బాధ నాకు తెలీక కాదు. వచ్చే వారం నుంచి నువ్వు జోడీతో మడతపెట్టాలి. నీ వల్ల కాదంటే చెప్పు, మురికి బట్టలు ఏరే గదిలోకి మారుస్తా. అక్కడ ఒక్కదానివే చేసుకోవచ్చు.”

మురికి గదికి ఆమె భయపడే రకం కాదు. ఈ బల్ల దాటితే అక్క ఎక్కడికి రావాలి? ఈ బల్ల దగ్గర ఇంకొకరిని నిలబెడితే అక్క ఎక్కడ నిలబడాలి? ఆమె ముఖంలో ఆ రెండు ప్రశ్నలే కనిపించాయి నాకు.

దేవుడు దారి చూపించేటప్పుడు డప్పు కొట్టి చెప్పడు. మర్నాడు ఉదయం మనసు జబ్బుల వార్డు డాక్టరమ్మ తెల్లకోటు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది, గుండీ ఊడిపోయిందని. చిన్న వయసే, అప్పటికే జుట్టులో తెల్లవెంట్రుకలు. గుండీ కుట్టేదాకా నా పక్కన స్టూలు మీద కూర్చుంది. కూర్చున్నదల్లా ఉలిక్కిపడి లేచింది.

“అక్కడెవరు?”

ఆవిరి పలచబడ్డాక తనే నవ్వేసింది. “ఏప్రానా! నేను నిజంగా మనిషే అనుకున్నానండీ. భుజాలు కూడా కనిపించాయి.”

గరిటె ఆగలేకపోయింది. “మీకూ కనిపించిందా? చెప్తే నమ్మరు గానీ డాక్టరమ్మా...” అని మొదలుపెట్టి గుక్కతిప్పుకోకుండా మొత్తం చెప్పేసింది. మడతమ్మ తల దించుకుని దుప్పటి మడుస్తూనే ఉంది. డాక్టరమ్మ ఎగతాళి చేయలేదు, ఆశ్చర్యపోనూ లేదు. లేచి మడతమ్మ పక్కకు వెళ్ళి నిలబడింది.

“ఇంట్లో దుప్పటి మడతపెట్టేటప్పుడు కూడా అనిపిస్తుందా అమ్మా?”

“లేదండి. మా ఆయన బస్సు డిపోలో మెకానిక్. నేను ఏడుస్తున్నానని ఒకరోజు తనే అవతలి కొస పట్టుకున్నాడు పాపం. ఆగిపోయిన బస్సు లాగినట్టు లాగాడు. ఇంక అక్కకి సందెక్కడ?”

గదిలో అందరం నవ్వాం. చాలా రోజుల తర్వాత మడతమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వు పూర్తిగా పోకముందే డాక్టరమ్మ మెల్లగా అడిగింది. “నాకోసం ఒక్కసారి కళ్ళు మూసుకుని చేస్తారా? మీకిష్టమైతేనే.”

మడతమ్మ నా వైపు చూసింది. నేను తల ఊపాను. కొక్కేనికి దుప్పటి తగిలించి, ఇవతలి కొసలు పట్టుకుని, కళ్ళు మూసుకుంది. విదిలించింది. బిర్రుగా లాగింది. సరిగ్గా అప్పుడు, అప్పటికే కొక్కెం దగ్గరికి వెళ్ళి నిలబడ్డ డాక్టరమ్మ చప్పుడు కాకుండా కొసలు రెండూ తప్పించి చేత్తో పట్టుకుని, మెల్లమెల్లగా దుప్పటిని బల్ల మీద వాలనిచ్చింది. ఒక్క క్షణం గడిచింది. మడతమ్మ చేతులు చిన్నగా అదిరాయి. తన వంతు గుంజు తను గుంజింది.

“ఇప్పుడు. ఇప్పుడే గుంజింది” అంది కళ్ళు తెరవకుండానే.

“చూడండమ్మా.”

కళ్ళు తెరిచి చూసింది. ఆమె పట్టుకున్న కొసలు తప్ప దుప్పటంతా బల్ల మీద వదులుగా, ముడతలు ముడతలుగా పడి ఉంది.

“ఈవిడ గుంజకముందు దుప్పటి కదిలిందా?” అని డాక్టరమ్మ మమ్మల్ని అడిగింది. లేదన్నాను. గరిటె కూడా లేదంది, ఈసారి నా వెనక నుంచి కాదు, బల్ల పక్క నుంచి.

డాక్టరమ్మ మడతమ్మ చేతులు తన చేతుల్లోకి తీసుకుంది. “చాలా దూరం బస్సులో వచ్చి మంచం మీద పడుకుంటే ఒళ్ళు ఇంకా ఊగుతున్నట్టే ఉంటుంది కదా? బస్సు ఎప్పుడో వెళ్ళిపోయింది. ఒంటికి మాత్రం ఆ ఊపు అలవాటైపోయింది. ఇన్నేళ్ళు ఈ చోట, ఈ క్షణంలో ఒక గుంజు వస్తుందని మీ చేతులు నేర్చుకున్నాయి. అది రాకపోయేసరికి అవే తెచ్చుకుంటున్నాయి. భర్త పోయినవాళ్ళు, తోబుట్టువులు పోయినవాళ్ళు ఎంతోమంది చెప్తారు నాకు. తలుపు చప్పుడైందని, పిలిచినట్టైందని, పక్కన కూర్చున్నట్టుందని. మనసుకి బాగా దగ్గరైనవాళ్ళ విషయంలోనే ఎక్కువ జరుగుతుంది. ఇది పిచ్చి కాదు. దీనికి మందు కూడా అక్కర్లేదు.”

“మరి బాబాయికి ఎలా కనిపించింది?” అని గరిటె.

“మీకు ముందే మాట చెవిన పడింది. ఆవిరిలో ఏప్రాన్ ఉంది. మిగతాది మనసు పూర్తిచేసుకుంది. ఏ మాటా వినని నాకే భుజాలు కనిపించాయి కదా!”

మడతమ్మ వీటిలో ఏదీ వింటున్నట్టు లేదు. చేతులు చూసుకుంటోంది. “అయితే అక్క కాదా?” అంది.

డాక్టరమ్మ తొందరపడలేదు. “పోయినవాళ్ళు ఎక్కడుంటారో చెప్పేంత చదువు నేను చదవలేదమ్మా. ఈ గుంజు సంగతి మాత్రం చెప్పగలను. ఇది మీ చేతుల్లోంచే వస్తోంది.”

“అంటే ఆవిడ ఇక్కడ నిలబడి లేదన్నమాట.”

“ఈ గుంజును బట్టి ఆవిడ ఇక్కడ నిలబడి ఉందనుకోనక్కర్లేదు.”

మడతమ్మ ముఖం ముడుచుకుంది, మళ్ళీ విచ్చుకుంది. ఏడుపు వస్తోందో, ఊపిరి వస్తోందో తెలియలేదు. చివరికి నా వైపు తిరిగి, “వదినా, అక్క కూర్చునే ఉంటుంది కదూ ఈపాటికి? కాళ్ళు చాపుకుని?” అంది.

“దేవుడి దగ్గర కుర్చీలకేం తక్కువే” అన్నాను. డాక్టరమ్మ కోటు వేసుకుని, గుండీ ఒకసారి తడిమి చూసుకుని, మడతమ్మ భుజం మీద చెయ్యి వేసి వెళ్ళిపోయింది.

ఆమె చెప్పింది నా నమ్మకానికి అడ్డం రాలేదు. చేతులు ఇచ్చినవాడే వాటికి గుర్తుంచుకోవడం కూడా నేర్పి ఉంటాడు అనుకున్నాను.

మధ్యాహ్నం దాకా మడతమ్మ కొక్కెం జోలికి వెళ్ళలేదు. చిన్నచిన్న తువ్వాళ్ళు మడుస్తూ కూర్చుంది. అప్పుడు గరిటె బల్ల దగ్గరికి వచ్చి, కాసేపు నసిగి, “అక్కా, తప్పుగా అనుకోకపోతే ఒకటి అడగనా?” అంది.

“ఇంకా ఏం మిగిలిందే అడగడానికి?”

“ఆవిడ ఎలా గుంజేది?”

మడతమ్మ లేచి, పెద్ద దుప్పటి ఒకటి తీసి, గరిటెను భుజాలు పట్టుకుని తీసుకొచ్చి తను ఎప్పుడూ నిలబడే చోట నిలబెట్టింది. తను బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి, కొక్కేల ముందు, పెద్దక్క చోట నిలబడింది. అక్కడ ఆమెను చూడటం నాకు అదే మొదటిసారి.

“నిండు చేత్తో పట్టుకో. గిన్నె కాదు కాలడానికి. ఆఁ, విదిలించు. లాగు. ఇప్పుడు ఆగు.”

దుప్పటి బిర్రుగా నిలిచింది. మడతమ్మ తన వైపు నుంచి చిన్నగా ఒక్క గుంజు గుంజింది. అంచు మీద ఆ అల నాకు తెలిసిన అలే.

“అమ్మో!” అంది గరిటె. కానీ కొసలు వదల్లేదు. “ఇంతేనా? ఇంత మెత్తగానా? దీనికా నేను ఇన్నాళ్ళూ హడిలి చచ్చింది?”

“నువ్వు కూడా గుంజాలే మొద్దూ. లేకపోతే అవతల మనిషికి ఎలా తెలుస్తుంది?”

గరిటె గుంజింది. మరీ గట్టిగా గుంజింది, మడతమ్మ ఒక అడుగు ముందుకొచ్చి పడబోయింది. ఇద్దరూ నవ్వుకున్నారు. ఇంకోటి మడిచారు, ఇంకోటి. గరిటె వంకరగా మడిచిన వాటిని మడతమ్మ విప్పి మళ్ళీ మడిపించింది. దొంతర కదలడం మొదలైంది. ముసలివాళ్ళ వార్డువి విడిగా తీసి ఇస్త్రీ బాబాయి బల్ల మీద పెట్టి, “వేడి తగ్గకూడదు బాబాయ్” అని చెప్పి వచ్చింది. బాబాయి కొక్కేల వైపు ఓ చూపు చూసి, అక్కడ ఉన్నది మడతమ్మేనని తేల్చుకుని, తన ఏప్రాన్ తెచ్చి నీలం ఏప్రాన్ పక్కన తగిలించాడు.

పొద్దు వాలుతుండగా ఒక దుప్పటి సగం మడత మీద ఉంది. మడతమ్మకి గొంతు ఆరిపోయింది కాబోలు, ఎదురు నడిచి వెళ్ళి తన కొసలు గరిటె చేతిలో పెట్టింది.

“పట్టుకోవే, ఇప్పుడే వస్తా” అంది.

అనేశాక తన మాట తనకే వినిపించింది. నా కాలు మిషన్ తొక్కడం ఆపేసింది. బాబాయి ఇస్త్రీపెట్టె పైకెత్తి అలాగే పట్టుకున్నాడు. గరిటె నాలుగు కొసలూ గుండెకు హత్తుకుని, కళ్ళు పెద్దవి చేసుకుని నిలబడింది. మడతమ్మ గుమ్మంలో ఒక్క క్షణం ఆగింది, తలుపు చెక్క మీద చెయ్యి వేసి. తర్వాత వసారాలోకి నడిచింది. కుండ మూత తీసిన చప్పుడు, నీళ్ళు ముంచిన చప్పుడు, గ్లాసు బోర్లించిన చప్పుడు వరసగా వినిపించాయి. మేం ముగ్గురం ఆ చప్పుళ్ళకే చెవులప్పగించి ఉన్నాం.

మూతి తుడుచుకుంటూ తిరిగి వచ్చింది.

“ఏంటే అలా బిగుసుకుపోయావు? వచ్చేశాగా” అని, వంగి కింది మడత అందుకుంది.